పక్కపక్కన కూర్చోబెట్టడానికి ప్రత్యేక రుసుమా?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ (డీజీసీఏ) డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం.

మేం బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లం. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, ఇలా నలుమూలలా ఉంటాం. పండగకో, పెళ్లికో, పెద్దవాళ్లకు బాగోలేదని కబురొస్తేనో దేవనహళ్లి వెళ్లి విశాఖకో, గన్నవరానికో, మధురపూడికో, శంషాబాద్‌కో విమానం ఎక్కుతాం. మాలో టికెట్ ఏజెంట్లున్నారు, చెక్-ఇన్ కౌంటర్లలో పనిచేసినవాళ్లున్నారు, రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లున్నారు. అందుకే ఈ లేఖలో గోడు తక్కువ, లెక్కలు ఎక్కువ.

మేం అడిగేది ఒక్కటే. ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టడాన్ని ‘ప్రాధాన్య సీటు’ పేరుతో అమ్మనివ్వకండి. ముందు వరుస, కాళ్లు చాపుకునే చోటు, కిటికీ, ఇవి సీటుకు ఉన్న గుణాలు. వాటికి ధర పెట్టుకోమనండి, కావలసినవాళ్లు కొనుక్కుంటారు. పక్కన ఎవరు కూర్చుంటారన్నది సీటు గుణం కాదు, ఆ బుకింగ్‌కు సంబంధించిన విషయం. కలిసి ప్రయాణిస్తామనే కదా నలుగురి పేర్లూ ఒకే టికెట్ మీద వేయించుకునేది.

మన దేశీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 సంగతి చూడండి. 180 సీట్ల అమరికలో 30 వరుసలుంటాయి. ఎడమవైపు ఎ, బి, సి. నడవ. కుడివైపు డి, ఇ, ఎఫ్. కిటికీ సీట్లు 60, నడవ సీట్లు 60, మధ్య సీట్లు 60. ఇప్పుడు కిటికీకీ నడవకూ ధర పెట్టి, మధ్య సీటు మాత్రం ఉచితం అన్నారనుకుందాం. మూడో వంతు సీట్లు ఉచితమే కదా అని పైకి ఉదారంగా కనబడుతుంది. కానీ మధ్య సీటు పక్కన మధ్య సీటు ఉండదు. 15బి పక్కన ఉచిత సీటు కావాలంటే 15ఇ దాకా పోవాలి. ఆ రెండింటి మధ్య ఇద్దరు మనుషులు, ఒక నడవ. లేదా ముందు వెనక వరుసల్లో 14బి, 16బి. అంటే విమానంలో 60 సీట్లు ఉచితంగా ఉన్నా, భార్యాభర్తలిద్దరు రూపాయి కట్టకుండా పక్కపక్కన కూర్చోగలిగిన జత ఒక్కటి కూడా లేదు. 189 సీట్ల బోయింగ్ 737లోనూ అమరిక ఇదే: మధ్య సీట్లు 63, జతలు సున్నా.

ఇందుకే ఎంత శాతం సీట్లు ఉచితంగా ఉంచాలన్న చర్చ ఒక్కటీ సరిపోదంటున్నాం. శాతం ఎంతైనా పెట్టండి, ఆ ఉచిత సీట్లు విమానంలో ఎక్కడ ఉండాలో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఉచిత సీట్లలో జతలు ఉండాలి, మూడు సీట్ల పూర్తి వరుసలు ఉండాలి. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72 విమానంలో ఇటు రెండు, అటు రెండు సీట్లు. అందులో మధ్య సీటన్నదే లేదు. ప్రతి సీటూ కిటికీయో, నడవో అవుతుంది. ఆ రెండు గుణాలకూ ధర పెట్టనిస్తే ‘ప్రాధాన్యం’ కాని సీటు అందులో ఏది మిగులుతుంది?

ఖర్చు సంగతి. సీటుకు 300 రూపాయలే అనుకుందాం. నలుగురికి 1200, రానూపోనూ 2400. టికెట్ల ధరలు పోల్చి చూసినప్పుడు ఈ 2400 ఎక్కడా కనబడదు. పేర్లు, ఫోన్ నంబరు, ఈమెయిల్ అన్నీ నింపాక, మనసు ఆ టికెట్ మీద స్థిరపడ్డాక కనబడుతుంది.

ఇక నిబంధనలు. సీటు ఎంపిక, భోజనం, సామాను వంటి సేవలను టికెట్ ధర నుంచి విడగొట్టి అమ్ముకోవడానికి డీజీసీఏ అనుమతించింది. అవి ప్రయాణికుడు తనంతట తాను కోరుకుంటేనే, తప్పనిసరి కాదు అని కూడా చెప్పింది. సీటు ఎంచుకోనివాళ్లకు ప్రయాణానికి ముందు ఆటోమేటిక్‌గా సీటు కేటాయించే ఏర్పాటు ఉందని 2024 ఏప్రిల్‌లో మళ్లీ గుర్తుచేసింది. అప్పుడే ఒక మంచి పని కూడా చేసింది: 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని, దానికి రికార్డు ఉంచాలని ఆదేశించింది. కలిపి కూర్చోబెట్టడం సాధ్యమేనని, దానికి డబ్బు కట్టక్కర్లేదని ఆ ఆదేశంతోనే తేలిపోయింది. మేం అడుగుతున్నది దాన్ని కొంచెం విస్తరించమని.

మీ శాఖ ఇలాంటి విషయాల్లో ముందు కూడా మాట్లాడింది. 2018 నవంబరులో వెబ్ చెక్-ఇన్‌లో అన్ని సీట్లకూ రుసుమన్న మాట బయటికొచ్చినప్పుడు, అది విడగొట్టిన ధరల చట్రంలోకి వస్తుందో లేదో సమీక్షిస్తామని ప్రకటించింది. 2022 జులైలో ఇంకా గట్టిగా చెప్పింది: కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు అదనంగా వసూలు చేయకూడదు, 1937 విమాన నియమాల్లోని 135వ నియమం చెప్పే ‘టారిఫ్’లోకి అది రాదు అని. బోర్డింగ్ పాస్ లేకుండా విమానం ఎక్కలేం కాబట్టి అది వేరే సేవ కాదు. మరి సీటు నంబరు లేని బోర్డింగ్ పాస్ ఉంటుందా? ఏదో ఒక సీటు ఎలాగూ ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు 14బి, 22ఇ ఇస్తారా, 22డి, 22ఇ ఇస్తారా అన్నదే తేడా. సంస్థకు రెండింటికీ అయ్యే ఖర్చు ఒక్కటే.

దీనికి కౌంటర్లో తరచూ చెప్పే జవాబు ‘బరువు తూకం’. విమానం బరువు ముందుకో వెనక్కో ఒరగకూడదన్నది నిజమే. లోడ్‌షీట్‌లో క్యాబిన్‌ను కొన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో ఎంతమంది కూర్చున్నారో లెక్కిస్తారు. సగం ఖాళీగా వెళ్లే ఏటీఆర్‌లో పది మంది ముందు నుంచి వెనక్కి మారితే తేడా వస్తుంది, అందుకే అక్కడ టేకాఫ్ అయ్యేదాకా మారొద్దంటారు. కానీ ఈ లెక్కకు కావలసింది ఒక భాగంలో ఎందరున్నారన్నదే. ఎవరి పక్కన ఎవరున్నారన్నది కాదు. 22వ వరుసలో తల్లి, అదే వరుసలో కొడుకు కూర్చున్నా, వాళ్ల చోట ఇద్దరు అపరిచితులు కూర్చున్నా ఆ భాగం సంఖ్య మారదు. పైగా 180కి 178 మంది ఎక్కిన విమానంలో ఎవరిని ఎటు మార్చినా తూకం దాదాపు అక్కడే ఉంటుంది. కుటుంబాన్ని విడదీయడానికి ఇది కారణం కాదని మీ ఇంజినీర్లు మాకన్నా బాగా చెప్పగలరు.

అసలు కారణం సాఫ్ట్‌వేర్ సెట్టింగులో ఉంది. ప్రతి సీటుకూ సీట్ల పటంలో గుర్తులుంటాయి: కిటికీ, నడవ, ఎగ్జిట్ (అత్యవసర ద్వారం) వరుస, కాళ్ల చోటు ఎక్కువున్నది, డబ్బు కట్టవలసినది. ఆటోమేటిక్ కేటాయింపు ఈ గుర్తుల్ని చూసి, సంస్థ పెట్టిన వరుసక్రమంలో సీట్లిస్తుంది. డబ్బు కట్టవలసిన సీట్లు చివరిదాకా పట్టి ఉంచు అని పెడితే పట్టి ఉంచుతుంది. ఒకే పీఎన్‌ఆర్ వాళ్లను కలిపి ఉంచు అని పెడితే కలిపి ఉంచుతుంది. చిన్నపిల్లల విషయంలో ఇంతకన్నా క్లిష్టమైన నియమాన్ని ఇదే యంత్రం పాటిస్తోంది: మూడు సీట్ల వరుసకు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులుంటాయి కాబట్టి, ఒడిలో శిశువు ఉన్న ఇద్దరు తల్లుల్ని ఒకే వరుసలో ఒకే వైపు పెట్టదు. అది తెలిసిన సాఫ్ట్‌వేర్‌కు భార్యాభర్తలెవరో తెలియదనడం కుదరదు.

రైల్వేను చూడండి. శేషాద్రిలోనో ప్రశాంతిలోనో టికెట్ తీసుకునేటప్పుడు ఐఆర్‌సీటీసీ అడుగుతుంది: అందరికీ ఒకే పెట్టెలో బెర్తులు దొరికితేనే బుక్ చేయాలా, కనీసం ఒక లోయర్ బెర్తు దొరికితేనే చేయాలా అని. దానికి పైసా తీసుకోదు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు, అడగకపోయినా, ఖాళీ ఉంటే లోయర్ బెర్తు తానే ఇస్తుంది. రోజూ లక్షల మందికి ఆ పని చేస్తున్న వ్యవస్థ మన దేశంలోనే ఉంది.

పెద్దవాళ్ల గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే 12 ఏళ్ల నిబంధన వాళ్లను పట్టించుకోలేదు. మనవళ్లను చూడటానికి గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి బెంగళూరు వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు చాలామందికి అదే మొదటి విమానం. ప్రకటనలు ఇంగ్లీషులో, హిందీలో వస్తాయి. బెల్టు ఎలా పెట్టుకోవాలో, టాయిలెట్ తలుపు ఎటు తోయాలో, చెవులు దిబ్బడేస్తే ఏం చేయాలో చెప్పేది పక్కనున్న కొడుకో కోడలో. తల్లి 9బిలో, కొడుకు 27ఇలో ఉంటే ఆ గంటంబావు ఇద్దరికీ నరకం. షుగరు మందులు ఒకరి సంచిలో ఉంటే తినవలసినవారు ఇంకో చోట ఉంటారు. మతిమరుపు ఉన్నవాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు, తోడు లేకుండా నడవలేనివాళ్ల పక్కన వాళ్ల సహాయకులకు సీటు ఇవ్వడం సౌకర్యం కిందికి రాదు, అది అవసరం.

ఇంకొక మాట, ఇది భద్రతకు సంబంధించింది. నిండా మనుషులున్న విమానాన్ని సగం తలుపులతోనే 90 సెకన్లలో ఖాళీ చేయగలమని నిరూపిస్తేనే ఆ మోడల్‌కు అనుమతి వస్తుంది. అసలు ప్రమాదంలో 27వ వరుసలో ఉన్న తండ్రి వెనక తలుపు వైపు వెళ్లడు. 9వ వరుసలో ఉన్న కూతురి కోసం జనానికి ఎదురు నడుస్తాడు. ఆమెకు 13 ఏళ్లు నిండాయని ఆగడు. ప్రతి సెకనూ లెక్కే అయిన చోట నడవలో ఎదురు నడిచేవాళ్లు ఉండకూడదన్నది మీకు మేం చెప్పనవసరం లేదు.

వెబ్ చెక్-ఇన్ తెర గురించి వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే మోసపోయేది ఎక్కువగా అక్కడే. దేశీయ ప్రయాణాలకు చాలా సంస్థలు 48 గంటల ముందు చెక్-ఇన్ తెరుస్తాయి, 60 నిమిషాల ముందు మూస్తాయి. పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టగానే సీట్ల పటం వస్తుంది. దాదాపు ప్రతి గడిలోనూ ధర. కింద పెద్ద రంగు బటన్ ‘కొనసాగించు’, అది సీటు ఎంచుకోమంటుంది, ఎంచుకుంటే చెల్లింపుకు తీసుకెళ్తుంది. సీటు ఎంచుకోకుండా దాటేసే మాట ఎక్కడో మూల, సన్నని బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. అది నొక్కితే ‘మీవాళ్లకు దూరంగా సీటు రావచ్చు, ఫరవాలేదా?’ అని మళ్లీ ఒక పెట్టె. వయసుపైబడినవాళ్లు డబ్బు కట్టకపోతే బోర్డింగ్ పాసే రాదనుకుంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మాయ డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. ధరను విడతలవారీగా బయటపెట్టడం, కావలసిన బటన్‌ను కంటికి ఆనకుండా చేయడం, లేని తొందర పుట్టించడం, వద్దన్నవాళ్లను నొప్పించే మాటలు వాడటం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పైన చెప్పిన తెరను ఆ జాబితా పక్కన పెట్టి చూడమని కోరుతున్నాం. రెండు బటన్లూ ఒకే కొలత, ఒకే రంగు ఉండాలి, ‘సీటు కొనకపోయినా బోర్డింగ్ పాస్ వస్తుంది’ అన్న వాక్యం పటం పైనే ఉండాలి. ఇది ఒక్క రోజు పని.

డబ్బు కట్టినవాళ్ల కష్టాలు వేరు. బోయింగ్ 737లో రెక్కకు ముందు ఎడమవైపు ఏసీ గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది, అక్కడ కిటికీ ఉండాల్సిన చోట గోడే ఉంటుంది. పటంలో మాత్రం అది కిటికీ సీటే, ధరా కిటికీ ధరే. ఎగ్జిట్ వరుసకు ముందున్న వరుసలో చాలా విమానాల్లో సీటు వెనక్కి వాలదు. ఇవి పటంలోనే రాయాలి. ఎగ్జిట్ వరుస సీటు పిల్లలకు, గర్భిణులకు, తలుపు తీసే శక్తి లేని పెద్దవాళ్లకు ఇవ్వరు. కొనేటప్పుడు ఆ ప్రశ్న అడగకుండా డబ్బు తీసుకుని, గేటు దగ్గర మార్చి, ‘రుసుము తిరిగి రాదు’ అంటే ఎవరి తప్పుకు ఎవరు కట్టినట్టు?

విమానం మారినప్పుడు ఇంకో చిక్కు. ఏ321 బదులు ఏ320 వేస్తే వరుసలు మారతాయి, కాళ్ల చోటున్న సీటు మామూలు సీటైపోతుంది. కొన్న సీటు పోయిందని చాలామందికి బోర్డింగ్ పాస్ చూసుకునేదాకా తెలియదు. వాపసు అడిగినవాళ్లకే ఇస్తారు. ఏజెంటు ద్వారా కొన్నట్లయితే ఆ డబ్బు ఏజెంటు ఖాతాకు పోతుంది, అక్కడి నుంచి ప్రయాణికుడికి చేరడం ఇంకో తిప్పలు. సంస్థ వల్ల సీటు మారితే, ఎవరూ అడగకుండానే, కట్టిన దారిలోనే, ఏడు రోజుల్లో పూర్తి సొమ్ము తిరిగి పడాలి. ఎవరి సీటు మారిందో వాళ్ల రికార్డులోనే ఉంటుంది కాబట్టి ఇందులో వెతుక్కునేది ఏమీ లేదు.

క్యాబిన్ సిబ్బందిని కూడా గుర్తుపెట్టుకోండి. యంత్రం విడదీసిన కుటుంబాలను తలుపులు మూసే పది నిమిషాల్లో కలిపేది వాళ్లే. ‘అమ్మా, మీరు కొంచెం వెనక్కి వెళ్తారా’ అని డబ్బు కట్టి నడవ సీటు తీసుకున్నావిడను బతిమాలాలి. ఆవిడ ఒప్పుకోకపోతే ఆమెదీ తప్పు కాదు. సామాను పైన పెట్టే హడావిడిలో ఈ సీట్ల మార్పిడి వల్ల విమానం బయల్దేరడం ఆలస్యమవుతుంది. ఆ చిరాకంతా జీతానికి పనిచేసే అమ్మాయిల మీద పడుతుంది.

సంస్థలు చెప్పే వాదన మాకు తెలుసు: సీట్లు అమ్ముకుంటేనే టికెట్ చవగ్గా ఇవ్వగలం అని. ఇందులో కొంత నిజం ఉంది. ఒంటరిగా వెళ్లే కుర్రాడికి ఏ సీటైనా ఒకటే, వాడు తక్కువ ధరకు వెళ్లడం మంచిదే. కానీ ఆ తగ్గింపు భారం పిల్లలున్నవాళ్ల మీద, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్ల మీద పడుతోంది. ఎగ్జిట్ వరుసకు ఎంత ధర పెట్టినా మాకు అభ్యంతరం లేదు. అమెరికాలో 2024 నవంబరులో సెనేట్ ఉపసంఘం ఒక లెక్క బయటపెట్టింది: 2018 నుంచి 2023 దాకా అయిదు సంస్థలు సీటు రుసుముల మీదే 1240 కోట్ల డాలర్లు సంపాదించాయని. మన దగ్గర కూడా సంస్థలవారీగా ఆ అంకె విడిగా ప్రకటించమనండి. అప్పుడు టికెట్ ఎంత తగ్గిందో, సీటు ఎంత పెరిగిందో ఎదురెదురుగా పెట్టి మాట్లాడుకోవచ్చు.

ఇందుకోసం మీరు ఇవ్వాలని మేం కోరే సర్క్యులర్‌లో ఏం రాయాలన్నది మా దృష్టిలో ఇది. ఒకే పీఎన్‌ఆర్‌లో ఇద్దరు, ఆ పైన ఉంటే, కేటాయించే సమయానికి ఎక్కడ జత ఖాళీగా ఉన్నా, దానికి ధర గుర్తు ఉన్నా సరే, ఉచితంగా కలిపి ఇవ్వాలి. ఎక్కువ కాళ్ల చోటున్న వరుసలు, ఎగ్జిట్ వరుసలు మాత్రం మినహాయింపు. ముగ్గురు దాటితే జతలు జతలుగా ఇచ్చినా చాలు. 60 దాటినవాళ్లను, వికలాంగులను తోడున్నవారి నుంచి విడదీయకూడదు. కేటాయించే క్షణంలో జతలు ఖాళీగా ఉన్నాయా లేదా అన్న లాగ్ ఆరు నెలలు దాచాలి, డీజీసీఏ అడిగితే చూపాలి. ఇది లేకపోతే మిగతావేవీ నిలబడవు, ‘అప్పటికి సీట్లు లేవండీ’ అన్న ఒక్క మాటతో అన్నీ తేలిపోతాయి.

ఇవి వచ్చేదాకా మా వాళ్లకు మేం చెప్పుకుంటున్నవి కూడా రాస్తున్నాం, ఎందుకంటే ఏ తప్పుల వల్ల కుటుంబాలు విడిపోతున్నాయో మీకూ తెలియాలి. అందరినీ ఒకే పీఎన్‌ఆర్‌లో వేయించాలి. అమ్మానాన్నల టికెట్ ఊళ్లో ఏజెంటు దగ్గర, మనది యాప్‌లో తీసుకుంటే కలపడానికి యంత్రానికి ఆధారం ఉండదు. పిల్లల్ని ‘చైల్డ్’గానే వేయించాలి. ఏజెంటు తొందరలో ‘అడల్ట్’ అని కొడితే 12 ఏళ్ల నిబంధన వాళ్లకు వర్తించదు. చెక్-ఇన్ అందరికీ ఒకేసారి చేయాలి. ఇద్దరికి ఇప్పుడు, ఇద్దరికి రాత్రికి అంటే చెరో మూలా పడతారు. చివరి గంటదాకా ఆగితే ఎవరికీ జతలు మిగలవు. పిల్లలకు వేరే సీటు వస్తే కౌంటర్లో 2024 ఏప్రిల్ ఆదేశం పేరు చెప్పి అడగాలి. కాదంటే సీట్ల పటం స్క్రీన్‌షాట్, పీఎన్‌ఆర్, ఫ్లైట్ నంబరు, తేదీతో ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, డబ్బు వివాదమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయాలి.

ఈ ఫిర్యాదులు చేరాక ఏమవుతాయన్నది చివరి సంగతి. డీజీసీఏ ప్రతి నెలా దేశీయ ప్రయాణాల నివేదిక ఇస్తుంది. పదివేల మందికి ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, విమాన ఆలస్యాలు, సామాను, రీఫండ్, సిబ్బంది ప్రవర్తన అంటూ రకాలవారీగా చెబుతుంది. ఆ పట్టికలో ‘సీటు కేటాయింపు’ అని ఒక వరుస కలపండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే నెల నివేదికలోనే పెట్టవచ్చు. సర్క్యులర్ ముసాయిదా వేసినప్పుడు అభిప్రాయాలు తెలుగులోనూ తీసుకోండి. సంక్రాంతి టికెట్లు అమ్మకానికి రాకముందే అది వస్తే, మావైపు నుంచి విమానం రకాలవారీగా జతల లెక్కలు, తెరల నమూనాలు పంపడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
బెంగళూరు తెలుగు విమాన ప్రయాణికులు, టికెట్ ఏజెంట్లు